పక్షిబంధువు సలీం అలీ

ఎండకాలము ముదిరి చెరువులలో నీరు అడుగంటునప్పుడు పాలమూరు పల్లెలలో ఒక పక్షి కూత రాత్రింబవళ్లు వినవచ్చుచుండును. అది తీతువు. దానిని అపశకునపు పిట్టగా ఎంచువారు పెక్కుమంది కలరు. తీతువు ఇంటిమీదుగా కూయుచు పోయినచో ఆ ఇంట చావు తప్పదని పెద్దలు భయపడుచుందురు. నిజమునకు ఆ పక్షి కూయుట ఎవరి చావును గూర్చియు కాదు. తన గ్రుడ్లను గూర్చియే. చెట్టుమీద గూడు కట్టుట దానికి తెలియదు. చెరువు శికములోనో, బీడునేలలోనో గులకరాళ్ల నడుమ చిన్న పల్లము చేసికొని నాలుగు గ్రుడ్లు పెట్టును. వాటి రంగు మట్టిలో కలసిపోవుటచే అడుగు దూరమున నిలిచినవానికిని అవి కానరావు. మనిషి గాని, మేక గాని, కుక్క గాని ఆ వైపు నడచినచో తల్లిదండ్రులు రెండును పైన తిరుగుచు అరచి, వచ్చినవారిని మరలింప జూచును. మిట్టమధ్యాహ్నపు టెండలో నీటికి పోయి పొట్టక్రింది ఈకలు తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబరచును. గ్రుడ్లను హరించిన సముద్రునితోనే కలహమునకు దిగినట్లు పంచతంత్రము చెప్పు టిట్టిభము ఈ పక్షియే.

నీటియొడ్డున, ఏటి ఇసుక తిన్నెలమీద, ముండ్లపొదల నడుమ నేలపైననే గ్రుడ్లు పెట్టు పక్షులు మన దేశమున ఇంకను అనేకము కలవు. తీతువువలె కొన్ని మనుష్యుల చెంతనే బ్రదుక నేర్చినవి. కొన్ని నశించిపోవు దశకు వచ్చినవి. అవి ఏ నెలలో గ్రుడ్లు పెట్టునో, ఎచ్చట పెట్టునో, ఎన్ని పిల్లలు దక్కునో తెలియక వాటిని కాపాడుట కన్నులకు గంతలు కట్టుకొని కావలి కాయుట వంటిది. గూటి చెంత కూర్చుండి ఓపికతో చూచుటయే పక్షిశాస్త్రమునకు మొదటి మెట్టని భారతీయులకు నేర్పినవారిలో అగ్రగణ్యుడు డాక్టరు సలీం అలీ. ఆయన 1931లో నిజాము రాజ్యపు పక్షులను పరిశీలింప వచ్చి, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని నల్లమల అడవులలో బసచేసినవాడు. ఆయన జీవితము ఈ ప్రాంతమువారు తెలిసికొనదగినది.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తండ్రి మొయిజుద్దీన్, తల్లి జీనతున్నీసా. వారి సంతానములో ఆయన పదియవవాడు, కడగొట్టువాడు. ఆయనకు ఏడాది వయసున తండ్రి, మూడేండ్ల వయసున తల్లి గతించిరి. దిక్కులేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును చేరదీసి ఖేత్వాడీలోని తమ ఇంట పెంచిరి. ఆ దంపతులకు బిడ్డలు లేరు. త్యాబ్జీలు విద్యావంతులు, జాతీయోద్యమములో పేరొందిన వంశమువారు.

మేనమామకు వేటయందు మక్కువ మెండు. ఆయన పిల్లవానికి ఒక గాలితుపాకి కొనియిచ్చెను. పక్షులకు ఆజన్మ మిత్రుడు కాబోవువాని చేతికి మొదట వచ్చినది దుర్భిణి కాదు, తుపాకి యని చెప్పవలసియున్నది. గుర్రపుసాల గోడలో ఒక ఊరపిచ్చుక గూడు పెట్టెను. ఆడుపిచ్చుక లోపల గ్రుడ్లమీద కూర్చుండగా మగపిచ్చుక వెలుపల కావలి యుండెడిది. తొమ్మిది పదేండ్ల సలీం చాటున నిలిచి ఆ మగపిచ్చుకను కొట్టెను. కొలది సేపటికే ఆడుపిచ్చుక మరియొక మగపిచ్చుకను తెచ్చుకొనెను. దానినిగూడ కొట్టెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు కూలినవి. ప్రతిసారియు గూటికి క్రొత్త కావలివాడు వచ్చుచునే యుండెను. చేసినపని క్రూరమైనదే. కాని ఆ బాలుడు జరిగినదంతయు తేదీలతో ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనెను. అరువది సంవత్సరముల తరువాత ఆ వ్రాతను ఆయన దిద్దకయే అచ్చువేయించెను. దిద్దదలచినచో ఎవరు అడ్డుపడియుందురు? బాల్యమున చేసినదానిని దాచుకొనకపోవుట ఆయన స్వభావమును తెలుపుచున్నది.

ఆ దినములలోనే ఆయన కొట్టిన పిచ్చుకలలో ఒకదాని కంఠముమీద పసుపుపచ్చని మచ్చ కనబడెను. అది తినదగినదో కాదో మేనమామకు తెలియలేదు. ఆయన పిల్లవానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. ఆ సంఘమునకు నాడు గౌరవ కార్యదర్శి మిల్లార్డ్ అను ఆంగ్లేయుడు. ఆ దొరగది గడపదాటుటకు పిల్లవాడు జంకెనట. మిల్లార్డ్ ఆదరముతో పిలిచి, అది పసుపుగొంతు పిచ్చుక యని చెప్పి, బీరువాల సొరుగులు తెరచి వందలకొలది పక్షుల నమూనాలను చూపించెను, చదువుకొమ్మని పుస్తకములిచ్చెను, పక్షి చర్మమును ఒలిచి దూది నింపి భద్రపరచు విద్య నేర్పింపజేసెను. ఒక పెద్దమనిషి అరగంట కాలము ఒక పిల్లవానికై వెచ్చించినందున దేశమునకు ఒక శాస్త్రజ్ఞుడు లభించెను.

చదువులో సలీం అలీ మెరికకాడు. తలనొప్పి బాధచే బడి కొంతకాలము మానవలసి వచ్చెను. 1913లో మెట్రిక్ పరీక్షయందు ఎట్లో గట్టెక్కెను. కాలేజీలో గణితమును తాళలేక బర్మాలోని తవాయికి పోయి అన్నగారి గనుల, కలప వ్యాపారములో చేరెను. అక్కడను వ్యాపారముకంటె అడవి పక్షులమీదనే ఆయన చూపు నిలిచెను, వ్యాపారము దెబ్బతినెను. 1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్యమును, దానితోపాటు సెయింట్ జేవియర్ కాలేజీలో జంతుశాస్త్రమును చదివెను. 1918 డిసెంబరులో తెహ్మినా బేగమును వివాహమాడెను. పట్టము లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగము దొరకలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియములో, చూడవచ్చువారికి ప్రకృతి శాస్త్ర విషయములు బోధించు చిన్న ఉద్యోగము దొరకెను. రెండేండ్లు చేసి, సెలవు పెట్టి, జర్మనీకి పోయి బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియములో ఆచార్య ఎర్విన్ స్ట్రెసెమాన్ కడ శిష్యరికము చేసెను. పక్షిని చంపి పేరుపెట్టుటతో శాస్త్రము ముగియదనియు, దాని బ్రదుకుతెరువును పరిశీలించుటయే అసలు పనియనియు ఆ గురువు కడ ఆయనకు రూఢియయ్యెను. 1930లో స్వదేశమునకు తిరిగివచ్చునప్పటికి డబ్బు లేదను కారణమున మ్యూజియములోని ఆ ఉద్యోగమే ఎత్తివేయబడెను.

భార్యతో ముప్పది మూడేండ్ల నిరుద్యోగి. బొంబాయిలో కాపురము సాగదు. సముద్రతీరమున కిహీము అను పల్లెలో భార్య తరపువారి చిన్న ఇల్లు ఉండెను. దంపతులు అక్కడికి చేరిరి. ఇంటి సమీపమున చెట్లకు గిజిగాళ్ల గూళ్లు వ్రేలాడుచుండెను. వానకాలమంతయు ఆయన ఆ చెట్లచెంత కూర్చుండి ఒక్కొక్క గూటిని దినదినము చూచి వ్రాసికొనెను. మగ గిజిగాడు సగము గూడు అల్లి నిలుపునట. ఆడుపక్షులు వచ్చి గూటిని పరీక్షించి నచ్చినచో స్వీకరించునట. స్వీకరించిన పిదప మగపక్షి ఆ గూటిని పూర్తిచేసి, వెంటనే వేరొక గూడు మొదలిడి మరియొక ఆడుపక్షిని ఆహ్వానించునట. వేలయేండ్లుగా అందరును చూచుచున్న గిజిగాని సంసారపు గుట్టు అంతవరకు ఇంత స్పష్టముగ ఎవరికిని తెలియలేదు. 1931లో ఆ వ్యాసము వెలువడినంతనే ఆయన పేరు శాస్త్రజ్ఞులలో నిలిచెను. గుర్రపుసాల పిచ్చుకగూటి చెంత తుపాకితో నిలిచిన పిల్లవాడే ఈ గిజిగాళ్ల చెంత పెన్సిలుతో కూర్చుండెను. నేర్పు అదియే, ఓపిక అదియే. చేతిలోని సాధనము మారెను.

ఉద్యోగము ఇచ్చువారు లేనందున సలీం అలీ ఒక ఉపాయము పన్నెను. దేశములోని సంస్థానములలో పెక్కింటియందు ఏ యే పక్షులు కలవో ఎవరును లెక్కింపలేదు. ప్రయాణము, బస, పరిచారకుల ఖర్చులు సంస్థానము భరించినచో, తాను జీతము పుచ్చుకొనక ఆ పని చేయుదునని బొంబాయి సంఘము ద్వారా సంస్థానాధిపతులకు తెలియజేసెను. నిజాము ప్రభుత్వము అంగీకరించెను. హైదరాబాదు రాజ్య పక్షి పరిశీలనము ఇట్లు 1931లో ఆరంభమయ్యెను. ఆయన జీవితములో స్వతంత్రముగా పూనుకొనిన మొదటి గొప్ప కార్యము ఇదియే.

జడ్చర్లనుండి తూర్పుగా కల్వకుర్తికి పోయి, అచ్చంపేట మీదుగా దక్షిణమునకు తిరిగినచో మైదానము అంతమై మన్ననూరు చెంత కొండలు మొదలగును. పైన అమ్రాబాదు పీఠభూమి, అందు ఫరహాబాదు. అది చెంచుల నివాసభూమి. క్రిందుగా లోతైన లోయలో కృష్ణానది పారుచుండును. ఈ మన్ననూరు, ఫరహాబాదులు సలీం అలీ పరిశీలన స్థలములలో ముఖ్యములైనవి. తెహ్మినా బేగము విదేశములలో చదువుకొని, సుఖముగా పెరిగిన స్త్రీ. ఆమె భర్తవెంట అడవికి వచ్చి బసలోని పనులన్నియు చక్కబెట్టెను. తన కార్యము సాగుటకు ఆమెయే కారణమని సలీం అలీ జీవితాంతము తలచుకొనుచుండెను.

బసలోని దినచర్య కఠినమైనది. తెల్లవారకముందే లేచి అడవిలోనికి పోవుట, ఎండ ముదురునప్పటికి తిరిగివచ్చుట, తెచ్చిన పక్షులను కొలిచి, తూచి, చర్మములు ఒలిచి భద్రపరచి, చీటీలు వ్రాసి కట్టుట, సాయంకాలము మరల బయలుదేరుట, రాత్రి దీపముకడ దినచర్య వ్రాయుట. ఈ పనిలో ఒక మర్మము కలదు. పక్షి చర్మమును ఒలుచునప్పుడు దాని కడుపులో ఏమి ఉన్నదో చూచి ఆహారము తెలిసికొనవచ్చును. బీజకోశములు ఉబ్బియున్నవో, ముడిగియున్నవో చూచి అది గ్రుడ్లు పెట్టు ఋతువు అవునో కాదో నిర్ణయింపవచ్చును. ఒక ప్రాంతమున కనబడిన పక్షి అచ్చటనే పిల్లలను కనునదా, శీతకాలమునకు మాత్రము వచ్చిపోవు బాటసారియా అను ప్రశ్నకు ఇట్లు సమాధానము దొరకును. చెరువుగట్ల చెంత బురదలో తిరుగు ఉల్లంకిపిట్టలు చాలవరకు ఉత్తరదేశములనుండి వచ్చి వేసవికి మరలిపోవునవి. తీతువులు ఈ నేలపైననే గ్రుడ్లు పెట్టునవి. రెండును ఒకే చెరువులో మేయుచున్నను, ఒకదానికి కావలసినది మేత, రెండవదానికి మేతయు పురిటిచోటును. కాపాడదలచినవాడు ఈ భేదమును ఎరుగకతప్పదు.

ఈ పరిశీలనము తుపాకి లేక జరుగలేదు. పక్షిప్రేమికుడు పక్షులను కాల్చుట ఏమని నేటివారు అడుగవచ్చును. నాటికి మంచి దుర్భిణులు అరుదు, చిత్రములతో కూడిన పుస్తకములు లేవు, పోల్చి చూచుటకు నమూనాలు తప్ప వేరు ఆధారము లేదు. ఆయన తన పనికి కావలసినన్ని మాత్రమే సేకరించెను. వినోదమునకై చేయు వేటను రాను రాను ఏవగించుకొనెను. అయినను శాస్త్రమునకై సేకరించుటను తుదివరకు సమర్థించుచునే యుండెను. ఈ విషయమున ఆయనతో ఏకీభవింపనివారు కలరు. వారి వాదమునందును న్యాయము లేకపోలేదు.

హైదరాబాదు పరిశీలన ఫలితములు హ్యూ విస్లర్ అను ఆంగ్ల పక్షిశాస్త్రజ్ఞుని వ్యాఖ్యలతో 1933, 1934 సంవత్సరములలో బొంబాయి సంఘ పత్రికయందు వెలువడెను. నల్లమల పక్షులను గూర్చి, తెలంగాణపు మైదాన పక్షులను గూర్చి తరువాత వ్రాసినవారందరును మొదట తెరువవలసినది ఆ వ్యాసములనే. తరువాత తిరువాన్కూరు, కొచ్చి, గ్వాలియరు, ఇందూరు, భోపాలు, మైసూరు మొదలగు రాజ్యములును ఆయనను పిలిచెను.

1939లో తెహ్మినా బేగము ఒక చిన్న శస్త్రచికిత్స పిమ్మట అకస్మాత్తుగా మరణించెను. సలీం అలీ మరల వివాహమాడలేదు. అక్క, బావగారు ఆయనను తమ ఇంట ఉంచుకొనిరి. ఆ శోకములో ఆయన మరింతగా పనిలో మునిగెను. 1941లో భారతదేశపు పక్షులను గూర్చిన ఆయన పుస్తకము వెలువడెను. రంగుబొమ్మలు చూచి పక్షిని గుర్తుపట్టుటకు సామాన్యునికి వీలుకలిగించిన పుస్తకమది. జవహర్‌లాల్ నెహ్రూ చెరసాలలోనుండి తన కుమార్తెకు ఆ పుస్తకమును పంపెను.

1945లో ఆయన కచ్ఛు రాజ్యమునకు పోయెను. అక్కడి మహారణమున, ఉప్పునీరు పలుచగా నిలిచిన ఎడారిలో, ఫ్లెమింగో పక్షులు గుంపులుగా గూళ్లు పెట్టునని వాడుక కలదు. శీతకాలమున నెల్లూరు సీమలోని పులికాటు సరస్సున పొడుగు కాళ్లతో బారులు తీరి నిలుచు గులాబిరంగు పక్షులు ఇవియే. అవి బురదను ముక్కుతో పోగుచేసి చిన్న దిబ్బ కట్టి దానిమీద గ్రుడ్డు పెట్టును. ఆ ఎడారిలోనికి పోవుట ఒక సాహసము. గుర్రములు, ఒంటెలు తప్ప వేరు వాహనము పోదు, త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను. ఆయన ఆ పక్షుల పట్టణమునకు చేరి గూళ్లను లెక్కకట్టెను. లక్షకు పైబడిన గూళ్లు, ఇంచుమించు ఐదులక్షల పక్షులు ఉన్నవని తేల్చెను. మన దేశమున నీటిపక్షుల గూళ్లను ఇంత పెద్ద యెత్తున లెక్కించిన సందర్భము అంతకుముందు కానరాదు. వాన చాలనియేట ఆ పక్షులు గూడే పెట్టవు. వరద వచ్చినయేట గ్రుడ్లు కొట్టుకొనిపోవును. అందుచేత ఒక్క ఏటి లెక్క చాలదనియు, ఏటేట చూడవలెననియు ఆ పరిశీలనము వలన తేలెను.

స్వాతంత్ర్యానంతరము ఆయన చేసిన పనులు చాలవరకు లోకవిదితములే. ధనము లేక మూతపడబోయిన బొంబాయి సంఘమునకు నెహ్రూ ద్వారా సహాయము తెప్పించెను. భరత్‌పూరు మహారాజుల వేటస్థలమగు కేవలాదేవ చెరువు పొలములుగా మారిపోకుండ అడ్డుపడి, పక్షులకు శరణాలయము చేయించెను. పది సంపుటముల పక్షి గ్రంథమును డిల్లన్ రిప్లీ అను అమెరికా శాస్త్రజ్ఞునితో కలసి వ్రాసి 1968నుండి 1974 వరకు ప్రకటించెను. బట్టమేక పక్షిని జాతీయపక్షిగా చేయవలెనని వాదించెను గాని 1963లో ఆ గౌరవము నెమలికి దక్కెను. ప్రభుత్వము ఆయనకు 1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదములిచ్చెను. 1985లో రాజ్యసభకు నామకరణము చేసెను. 1950లో స్వీడనులో జరిగిన పక్షిశాస్త్ర మహాసభకు పోవుటకు తన మోటారు సైకిలును ఓడలో ఎక్కించుకొని యూరపునకు పోయి, దానిమీదనే ఊరూర తిరిగెను. అప్పటికి ఆయన వయసు ఏబదిమూడు.

ఆయన నడిపిన పనులలో పల్లెవారికి సంబంధించినది ఒకటి కలదు. 1959 తరువాత బొంబాయి సంఘము పక్షులను వలలతో పట్టి, కాలికి తేలికయైన లోహపు కడియము తొడిగి, అంకె వేసి విడుచు పనిని పెద్ద యెత్తున సాగించెను. భరత్‌పూరునందు బాతులకును, కోడికరై తీరమున ఉల్లంకిపిట్టలకును వేలకొలది కడియములు తొడిగిరి. కడియము దొరకినవారు బొంబాయికి తెలుపవలెనని దానిమీదనే చెక్కియుండును. ఎక్కడనో ఒక పల్లెటూరివాడు ఆ కడియమును కవరులో పెట్టి పంపినప్పుడే కదా పక్షి ప్రయాణపు రెండవ కొస తెలియునది!

సలీం అలీ జీవితపు తుది ఘట్టము తెలుగునేలతో ముడిపడినది. దాని పూర్వచరిత్ర కొంత చెప్పవలెను. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ అను ఆంగ్లేయుడు కడప, నెల్లూరు సీమలలో ఒక వింత పక్షిని కనుగొనెను. 1848లో బ్లిత్ అను శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయనామము పెట్టెను. తీతువునకు దూరపు చుట్టము. రొమ్ముమీద రెండు పట్టీలు, పెద్ద కన్నులు, పరుగునకు అనువైన పొడుగు కాళ్లు. కలివిపొదలలో తిరుగుటచే స్థానికులు దానిని కలివికోడి యందురు. గోదావరి తీరమున కొన్ని తావుల, 1900లో అనంతపురము చెంత ఒకసారి కనబడెను. ఆ పిదప ఎవరికిని కనబడలేదు. 1930 ప్రాంతమున వెదకిరి, 1970 ప్రాంతమున వెదకిరి, ఫలితము సున్న. అది ఇక లేనట్లే యని పండితులు తలపోసిరి.

సలీం అలీ ఆశ విడువలేదు. ఆయన ప్రోత్సాహముతో బొంబాయి సంఘము నశించిపోవుచున్న పక్షులను వెదకు పని చేపట్టగా భరత్ భూషణ్ అను యువ పరిశోధకుడు కడప అడవులకు వచ్చెను. అంతకుముందు వెదకినవారు పగలు వెదకిరి. ఈ యువకుడు కలివికోడి బొమ్మను చేతబట్టుకొని ఊరూర తిరిగి, పిట్టలు పట్టువారిని, మేకలకాపరులను అడిగెను. అది రాత్రి తిరుగు పక్షియని వారికి తెలియును. 1986 జనవరిలో సిద్ధవటము చెంత రెడ్డిపల్లె సమీపమున ఒక వేటగాడు చీకటిలో దీపపు వెలుగున కలివికోడిని పట్టి తెచ్చెను. ఎనుబదియారేండ్ల తరువాత ఆ పక్షి లోకమునకు కనబడెను. పుస్తకములలో అంతరించిన పక్షి ఆ పల్లెవారి దృష్టిలో ఎన్నడును అంతరింపలేదు. వారిని అడిగినవారే లేకపోయిరి. పట్టువడిన పక్షి మాత్రము కొలదిదినములకే చనిపోయెను. దొరకిన ఆనందముతోపాటు ఈ దుఃఖమును చెప్పక తప్పదు.

అప్పటికి సలీం అలీకి ఎనుబదితొమ్మిదేండ్లు. మరుసటి యేట, 1987 జూన్ 20వ తేదీన, బొంబాయిలో ఆయన పరమపదించెను. 1988లో ఆ పొదలడవులను శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రభుత్వము ప్రకటించెను.

అభయారణ్యము ఏర్పడినంత మాత్రమున పని ముగియలేదు. చీకటిలో తిరుగు పక్షిని లెక్కించుట ఎట్లు? 2000 తరువాత పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారి దానిమీద పడిన అడుగుజాడలను చదివిరి. తమంతట తామే ఫోటోలు తీయు కెమెరాలను అమర్చిరి. సంజవేళ దాని కూతను వినిపించి బదులుకూతకై చెవియొగ్గిరి. పొదలు మరీ దట్టముగా ఉన్నచోట అది ఉండదు. కట్టెలకై పొదలు నరికి నేల బోడిచేసినచోటను ఉండదు. నడుమ నడుమ ఖాళీనేల కల చోటనే తిరుగును. అనగా మితముగా మేకలు మేయుట, కట్టెలు కొట్టుట దానికి హాని కాదు, అతియైనచో హాని. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకములో ఆ పొదలు కొంత పాడుకాగా వివాదము పెరిగి కాలువ మార్గమునే మార్చిరి. ఎండిన సీమకు నీరు కావలెను; పక్షికి నేల కావలెను. రెండింటికిని చోటు చూపుట తేలిక కాదు. అయినను ఆ సందర్భమున త్రోవ దొరకెను.

గూడు కనుగొనినచో కాపలా సులభమగునని చంబల్ నది చూపుచున్నది. అక్కడ స్కిమ్మర్ అను పక్షి, క్రింది ముక్కును నీటిలో ముంచి ఏటిని చీల్చుచు చేపలు పట్టునది, ఎండకాలమున ఇసుక తిన్నెలపై గ్రుడ్లు పెట్టును. నీరు తగ్గి తిన్నె ఒడ్డుతో కలిసినచో కుక్కలు, నక్కలు, పశువులు గూళ్లకు చేరును. సలీం అలీ పెంచిన బొంబాయి సంఘము 2016 తరువాత ఆ ఏటియొడ్డు గ్రామస్థులనే గూళ్లకు కావలివారిగా నియమించెను. వారు తిన్నెలను కనిపెట్టి గూళ్లను లెక్కించుచు, కుక్కలను తోలుచు, పిల్లలు ఎగురువరకు కాపు కాయుదురు. గ్రుడ్లు పెట్టు నెల తెలియును, చోటు తెలియును. కనుకనే అది సాధ్యమైనది.

కలివికోడి విషయమున ఆ రెండును తెలియవు. దాని గ్రుడ్డును గూర్చి ప్రపంచమునకు తెలిసినది ఒక్కటే. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున పనిచేసిన ఒక పశువైద్యుడు ఒక గ్రుడ్డును సేకరించి తన దేశమునకు పంపెను. అది స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఒక పెట్టెలో దశాబ్దముల తరబడి పడియుండెను. 2013లో దాని పెంకులోనుండి తీసిన కణజాలమును కలివికోడి నమూనాతో పోల్చి చూచి, అది కలివికోడి గ్రుడ్డే యని నిర్ణయించిరి. కలివికోడి గూటిని నేలమీద చూచి వర్ణించిన శాస్త్రజ్ఞుడు అప్పటికి ఒక్కడును లేడు.